మాస్టారి పాటలో రెండో చరణం

వాడు పోయింది మంగళవారం మధ్యాహ్నం. ఆ వేళకి టీచర్ ఆరో తరగతి గదిలో ఉంది. బల్ల మీద ముప్పై ఎనిమిది వ్యాసాలు. "మా వీధి" గురించి రాయమంటే ఒక పిల్ల తమ వీధిలో నెమళ్లు నాట్యమాడతాయని రాసింది. టీచర్ ఆ పిల్లను దగ్గరికి పిలిచింది.

"మీ వీధిలో నెమలిని చూశావా తల్లీ?"

"లేదు టీచర్. వేరే వ్యాసంలో ఉంటే రాశా."

"మరి నువ్వేం చూశావు?"

"కుక్కని. దానికి మూడే కాళ్లు. అయినా అందరికన్నా ముందు పరిగెడుతుంది."

"అదీ సంగతి! నెమలిని కొట్టేసి కుక్కని రాయి. అరువు సొమ్ము..."

"బరువు చేటు!" అని తరగతంతా ఒక్క గొంతుతో పూర్తిచేసింది. ఇరవై రెండేళ్లుగా ఆ బడిలో పిల్లలు ఆ మాట అలాగే పూర్తిచేస్తున్నారు. ఆవిడకి "అరువు టీచర్" అని చాటుగా పేరు పెట్టుకున్నారు కూడా. ఆవిడకి తెలుసు. తెలిసీ ఊరుకుంది.

అప్పుడే అటెండరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో చీటీ ఉంది కానీ ఇవ్వలేదు. టీచర్ అతని ముఖం చూసి, ఎర్ర కలానికి మూత పెట్టి, పిల్లలతో "చప్పుడు చేయకండి" అని చెప్పి బయటికి నడిచింది.

వాడికి పదహారేళ్లు. ఒక్కగానొక్క కొడుకు.

ఆసుపత్రిలో డాక్టరు మాత్రలని చెప్పాడు. "చనిపోదామని మింగినట్టు లేదమ్మా. ఈ వయసువాళ్లు సరదాకి వేసుకుంటున్నారు. ఏది దేంతో కలిస్తే ఏమవుతుందో వాళ్లకి తెలీదు," అన్నాడు. టీచర్ భర్త సిటీ బస్సు డ్రైవరు. పదిహేడేళ్లలో చక్రం కింద ఎలుక కూడా పడలేదని డిపోలో ఆయనకు పేరు. ఆయన ఆ మాట విని గోడకి ఆనుకుని, యూనిఫాం చొక్కా గుండీలు ఒక్కొక్కటే విప్పి, మళ్లీ ఒక్కొక్కటే పెట్టుకున్నాడు.

నెల తిరక్కముందే టీచర్ బడికి వెళ్లడం మొదలుపెట్టింది. ఇంట్లో ఉంటే గోడలు మీద పడుతున్నట్టుంది. తల్లి కనక ఊరుకోలేకపోయింది, టీచర్ కనక పద్ధతిగా వెతికింది. కొడుకు ఫోనులో ఉన్న నలభై ఒక్క పాటల్నీ వింటూ, ఆపుతూ, వెనక్కి తిప్పుతూ, గీతల నోటుబుక్కులో అక్షరం పొల్లుపోకుండా రాసుకుంది. మాత్ర, పొగ, మత్తు అన్న మాటలు వచ్చినచోటల్లా ఎర్రగీత గీసింది. ఇరవై తొమ్మిది పాటల్లో ఎర్రగీతలు పడ్డాయి. ఆ పాటల్లో మాత్ర మింగినవాడికి వాంతి రాదు. వాడికి అమ్మ ఉండదు. వాడికి తెల్లవారదు, పాట అంతకుముందే అయిపోతుంది.

దొంగ దొరికాడనుకుంది టీచర్. ఆ ఇరవై తొమ్మిది పాటల పేర్లూ తెల్లకాగితం మీద వరస నంబర్లతో, తన గుండ్రటి అక్షరాలతో రాసి, పిల్లలు వినకూడని పాటలని శీర్షిక పెట్టి, హెడ్మాస్టరు సంతకంతో నోటీసు బోర్డు మీద పెట్టించింది.

వారం తర్వాత లెక్కల మాస్టారు స్టాఫ్ రూములో గొంతు సవరించుకున్నాడు.

"మేడం, మీ జాబితా బ్రహ్మాండంగా పనిచేస్తోంది."

"మానేశారా?"

"అబ్బే. ఫోటో తీసుకుని వరసగా వింటున్నారు. వెతుక్కునే శ్రమ తప్పిందట. తొమ్మిదో నంబరు మాత్రం ఏమంత బాలేదు, దాని బదులు ఇంకోటి పెట్టమంటున్నారు."

ఆవిడ నవ్వలేదు. వాడుంటే ఇంటికెళ్లి ఈ ముక్క చెప్పేదాన్ని, వాడు నేల మీద పడి దొర్లేవాడు అనుకుంది. లేచి వెళ్లి బోర్డు మీది కాగితం తనే తీసేసింది.

తీస్తున్నప్పుడే మెట్ల కింద నుంచి పాట వినబడింది. ఎనిమిదో తరగతి కుర్రాళ్లు ముగ్గురు ఒక్క ఫోను చుట్టూ తలలు చేర్చి వింటున్నారు. డప్పు లాంటి దరువు, దాని మీద మాటలు. టీచర్ చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది. అది వాడి గొంతు.

"వంటింటి బల్ల మీద ఎర్ర కలం నడుస్తుంది,
నలభై మంది తప్పుల్ని మా అమ్మ ఒక్కతే మోస్తుంది,
కుక్కరు మూడుసార్లు పిలిచినా తలెత్తి చూడదు,
నా తప్పు దగ్గరికొస్తే మాత్రం కలం కదలదు."

టీచర్ రెయిలింగు పట్టుకుంది. వాడు పాటలు కడతాడని తెలుసు. ఏనాడూ వినిపించలేదు, తన ఫోనులోనూ ఉంచుకోలేదు, తనూ అడగలేదు. దిద్దుతానని భయపడ్డాడేమో. దిద్దడానికి ఇందులో ఏముంది? ఆ నాలుగో పాదం తన చేతి కింద చదువుకున్న ఏ పిల్లా రాయలేదు. తను కూడా రాయలేదు.

తర్వాత రెండో చరణం వచ్చింది.

"గోడ గడియారం ఆపేశా, గుండెకి సెలవిచ్చేశా,
ఒక్క తెల్ల మాత్రతోటి ఊరంతా మరిచేశా..."

ఇరవై రెండేళ్ల అలవాటు మనసు కన్నా ముందు పనిచేసింది. మొదటి చరణం చూసి రాసింది, రెండోది చూడకుండా రాసింది అని చెవి చెప్పేసింది. ఎర్రగీతలు పడిన ఇరవై తొమ్మిది పాటల్లోనూ అలాంటి గడియారమే ఆగింది, అలాంటి ఊరే మరుపున పడింది. నెమలి. అసలైన నెమలి. మరి నెమలే అయితే వాడు ఎలా పోయాడు?

కింద కుర్రాళ్లు ఆవిణ్ణి చూసి బిక్కచచ్చిపోయారు.

"ఎవరి పాట నాన్నా అది?"

"మాస్టారి పాట టీచర్," అన్నాడొకడు. ఎవరితో అంటున్నాడో అప్పుడు తట్టినట్టుంది. "అంటే... అన్నని పాటల దగ్గర అందరూ మాస్టారనే పిలుస్తారు టీచర్. అందరి పాటలూ దిద్దుతాడని."

"బాగుందా పాట?"

"చాలా బాగుంది టీచర్. మిగతావాళ్లంతా ఊరికే పాడతారు. మాస్టారు నిజంగా చేసి పాడాడు."

టీచర్ వాడి కళ్లలో భక్తి చూసింది. ఎక్కడ పాడారని అడిగింది. బస్టాండు వెనక పరుపుల దుకాణంలో అని చెప్పారు.

దుకాణానికి మూడు గదులు. ముందు గదిలో అమ్మకానికి పరిచిన ఆరు పరుపులు. నడిమి గదిలో కుట్టుపని. వెనక గదిలో దూది మూటలు, స్పాంజి పలకలు, కప్పు దాకా పేర్చిన పరుపులు. ఆ వెనక గదిలో ఎవరైనా మాట్లాడితే మాట గోడ దాకా వెళ్లి తిరిగిరాదు, దూది తాగేస్తుంది. పాట రికార్డు చేసుకోవడానికి అంతకన్నా మంచి గది డబ్బు పెట్టినా దొరకదు. పిల్లలు ఆ సంగతి ఎప్పుడో కనిపెట్టారు.

పరుపులాయన మోకాలి కింద పరుపును అదిమిపెట్టి దబ్బనంతో అంచు కుడుతున్నాడు.

"రండమ్మా. సింగిలా, డబులా?"

"నేను మాస్టారి అమ్మని."

దబ్బనం సగం గుచ్చుకుని ఆగిపోయింది. లోపలి నుంచి ఒక పిల్ల వచ్చింది. పదిహేడేళ్లుంటాయి. పొట్టిగా, బక్కగా, జుట్టు నిండా దూది. ఆ పిల్లను అందరూ పిచ్చుక అంటారట. నాన్న దగ్గర పరుపులు కుడుతుంది, వెనక గదిలో వాళ్ల పాటలు పట్టేదీ, దరువు కట్టేదీ తనే.

"నాలుగు వారాల నుంచి మీ గేటు దాకా వస్తున్నా టీచర్. బెల్లు నొక్కలేక వెనక్కి పోతున్నా."

"ఎందుకు నొక్కలేదమ్మా?"

"చెప్పాల్సింది మంచి మాట కాదు కనక."

టీచర్ చుట్టచుట్టిన పరుపు మీద కూర్చుంది. అడగడానికి ఆవిడ దగ్గర ఉన్నది ఒక్కటే ప్రశ్న.

"రెండో చరణం. వాడు పాడినప్పుడు అది నిజమేనా?"

"పాడినప్పుడు కాదు టీచర్," అంది పిచ్చుక. "పాడాక నిజం చేశాడు."

"ఒసే, నోటికి అడ్డూ అదుపూ లేదా?" పరుపులాయన దబ్బనం వదిలి లేచాడు. "కన్నతల్లి ముందు మాట్లాడే మాటలేనా అవి?"

"చెప్పనివ్వండి అన్నయ్యగారూ. దాని కోసమే వచ్చాను."

పిచ్చుక నిలబడే చెప్పింది. చేతులు కట్టుకుని, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"మా దగ్గర ఒక రూలుండేది టీచర్. చేసిందే పాడాలి, చూసిందే పాడాలి. కానిది పాడితే అందరం కలిసి 'అరువు, అరువు' అని అరిచేవాళ్లం."

"ఎవరు పెట్టారా రూలు?"

పిచ్చుక తప్పించుకోలేదు.

"మాస్టారే. మా అమ్మ చెప్తుందిరా, అరువు సొమ్ము బరువు చేటని అనేవాడు. ఆ రూలు వల్లే మా పాటలు బాగుపడ్డాయి టీచర్. అంతకుముందు మేమంతా మాకు లేని కార్ల గురించి పాడేవాళ్లం. మాలో బొంగురుగాడికి సైకిలు కూడా లేదు, నాలుగు కార్లున్నాయని పాడాడు."

టీచర్ ఒడిలో చేతులు ఒకదానిలో ఒకటి దూర్చుకుంది.

"మరి రూలు పెట్టినవాడే తప్పాడెందుకు?"

"మొదటి చరణం ఒక్కటే నెట్‌లో పెట్టినప్పుడు పదకొండు మంది విన్నారు టీచర్. అందులో నలుగురం మేమే. ఇప్పుడు వచ్చే ప్రతి పాటలోనూ మాత్ర ఉంది. మాత్ర లేకపోతే పిల్లల పాటంటున్నారు. అందుకని రెండో చరణం కట్టాడు. మూడు వందల మంది విన్నారు. అప్పుడు బొంగురుగాడు అందరి ముందూ అన్నాడు, 'ఏం మాస్టారూ, రూలు మాకేనా? నీ మాత్ర అరువు కాదూ?' అని. అందరం అరువు అరువని అరిచాం. నేనూ అరిచా. మాస్టారు ముఖం ఎర్రగా అయింది. పాట తీసేస్తాడనుకున్నా. తీయలేదు. ఎవరి ఇంటి మందుల డబ్బాలోంచి తెచ్చాడో, వేసుకోవడం మొదలుపెట్టాడు. రెండు వారాలు. తర్వాత నాతో అన్నాడు, 'ఇప్పుడది అరువు కాదే పిచ్చుకా, కానీ పాత గొంతు అబద్ధం చెప్తోంది, రెండో చరణం మళ్లీ పాడతా' అని. మంగళవారం వచ్చింది దానికే."

దుకాణం ముందు నుంచి బస్సు ఒకటి వెళ్లింది. అద్దాలు కదిలాయి. అంతా సద్దుమణిగాక పిచ్చుక మిగతాది చెప్పింది.

"కాసేపు పడుకుని పాడతానని వెనక గదిలో పరుపుల మీద వాలాడు. నేను ఇక్కడే, తీసి ఉన్న తలుపు పక్కన అంచు కుడుతున్నా. మా దుకాణంలో పడుకున్నవాళ్లని లేపం టీచర్."

"మా నాన్న నాకు నేర్పాడమ్మా," అన్నాడు పరుపులాయన తల దించుకుని. "గిరాకీ పరుపు మీద కునుకు తీశాడంటే బేరం కుదిరినట్టే, దేవుడొచ్చినా లేపకూడదు అని. నేను దీనికి నేర్పాను."

"గురక పెట్టాడు," అంది పిచ్చుక. "ఇంత గురకేంట్రా బాబూ అని నవ్వుకున్నా కూడా. అది గురక కాదట. ఊపిరి అందక వచ్చే చప్పుడట. మా వీధి డాక్టరమ్మ తర్వాత చెప్పింది. గంటసేపు విన్నా టీచర్. ఆగిపోయాక కదా లోపలికెళ్లింది."

టీచర్ లేచింది. ఆ పిల్ల దెబ్బ కోసం నిలబడినట్టు కదలకుండా నిలబడింది. టీచర్ దాని జుట్టులోంచి దూది పోగొకటి తీసి, ఏం చేయాలో తోచక చేతిలోనే పెట్టుకుంది.

"నువ్వు నాకు అబద్ధం చెప్పి ఉండొచ్చు," అంది చివరికి. "నీకేం తెలీదని అంటే నేను నమ్మేదాన్ని."

"అవును టీచర్. మీరు నమ్మేస్తారనే కదా భయం."

ఆ రాత్రి భర్తకి అన్నీ చెప్పింది, తన సామెత వాడి రూలైన సంగతి కూడా. "నువ్వు చెప్పింది తప్పేం కాదే," అన్నాడాయన. "వాళ్లు పడుకున్నవాణ్ణి లేపకపోవడమూ తప్పేం కాదు. ఎన్నో ఏళ్లుగా పనికొచ్చినవే రెండూ."

శనివారం మధ్యాహ్నం టీచర్ మళ్లీ దుకాణానికి వెళ్లింది. పిల్లలు ఇంకా అక్కడ చేరుతున్నారని తెలిసి, ఆపాలనే వెళ్లింది.

ముందు గదిలో ఒక లావుపాటి పెద్దాయన పరుపు మీద కళ్లు మూసుకుని ఉన్నాడు. పిచ్చుక వెళ్లి భుజం తట్టింది.

"బాబాయ్, లేవండి. మీ పేరు చెప్పండి."

"ఇందాకే చెప్పా కదమ్మా! పరుపు కొనడానికి వచ్చానా, పోలీసు స్టేషనుకొచ్చానా?"

"చెప్పి పడుకోండి బాబాయ్."

ఆయన పేరు చెప్పి, సణుక్కుంటూ చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. "ఈ వారంలో పోయిన అయిదో బేరం ఇది," అన్నాడు పరుపులాయన టీచర్‌తో. "అయిదు నిమిషాలకోసారి లేపితే ఎవడు కొంటాడు చెప్పండి. అయినా దాన్ని ఆపనమ్మా. ఆపలేను."

వెనక గదిలో ఎనిమిది మంది పిల్లలు. టీచర్ తలుపు పక్కన దూది మూట మీద కూర్చుంది. ఎవరూ పడుకోవడానికి వీల్లేకుండా పరుపులన్నీ నిలబెట్టి గోడకి కట్టి ఉన్నాయి. పద్నాలుగేళ్ల కుర్రాడొకడు, కాళ్లు ఒకచోట నిలవవని స్ప్రింగు అంటారట వాణ్ణి, మైకు ముందు నిలబడి మొదలుపెట్టాడు. రెండో పాదంలోనే మాత్ర వచ్చింది. పిచ్చుక దరువు ఆపేసింది.

"వేసుకున్నావా?"

"లేదక్కా."

"ఒట్టు?"

"ఒట్టక్కా."

"మరి ఆ ముక్క ముందు చెప్పు. నేను వేసుకోలేదు, ఊరికే పాడుతున్నానని చెప్పి పాడు."

"అలా చెప్తే పరువు పోతుందక్కా."

"ఎవరి దగ్గర?"

స్ప్రింగు మూలనున్న కుర్రాణ్ణి చూపించాడు. గొంతు మారుతున్న వయసు, ఎండిన గొట్టంలోంచి వచ్చినట్టుంది మాట. వాడే బొంగురు.

"నా దగ్గరా?" అన్నాడు వాడు. "దోమల మందు వాసనకే తల తిరిగి పడ్డవాణ్ణిరా నేను. నా దగ్గర పరువేంట్రా!"

అందరూ నవ్వారు. స్ప్రింగు కూడా నవ్వేసి, మైకులో "నేను వేసుకోలేదు, వేసుకోను కూడా" అని గబగబా చెప్పి పాడాడు. ఆశ్చర్యమేమంటే పాట ఏమీ పాడవలేదు. లేనివాడు ఉన్నవాడి వేషం కట్టినట్టు, ఇంకా సరదాగా ఉంది. అబద్ధం పాడొచ్చు, అబద్ధమని చెప్పి పాడాలి: కొత్త రూలు ఇదేనని పిచ్చుక ఎవరికీ బోధించలేదు, గోడ మీద రాయలేదు. ఆపి అడుగుతుంది, అంతే.

అందరి పాటలూ అయ్యాక ఆ పిల్ల గది మధ్యకి వచ్చి మంగళవారం సంగతి చెప్పింది. కొత్తవాళ్లు వచ్చిన ప్రతి శనివారం చెబుతుందట. టీచర్‌కి చెప్పిన మాటలే. ఒక్క మాట తగ్గించలేదు, ఒక్క మాట పెంచలేదు. గొంతు వణికించలేదు. "నేను అరువని అరిచా. నేను గురక విన్నా. నేను నవ్వా." ఏ 'నేను'నీ 'మేము' చేయలేదు. బొంగురు వంచిన తల ఎత్తలేదు. వాడు మంగళవారం తర్వాత ఒక్క పాటా పాడలేదట. అయినా ఒక్క శనివారమూ మానలేదట.

టీచర్ తన ఉద్యోగంలో ఎన్నో మాదిరి పాఠాలు చూసింది. పై అధికారులు వచ్చినప్పుడు తను చెప్పిన మంచి పాఠాలూ గుర్తున్నాయి. పదో తరగతితో చదువు ఆపేసి దబ్బనం పట్టిన ఈ పిల్ల చెప్పినట్టు ఎవరూ చెప్పగా చూడలేదు. పిల్లల్ని భయపెట్టలేదు. పాటలు మానమనలేదు. తన తప్పును మధ్యలో పెట్టి, చుట్టూ కూర్చోబెట్టి చూపించింది. ఆపడానికి వచ్చిన మాట టీచర్ ఎప్పుడో మర్చిపోయింది. ఇరవై తొమ్మిది పేర్ల జాబితా మాత్రం గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

పిల్లలందరూ వెళ్లాక ఒక అమ్మాయి మిగిలింది. చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నట్టు వంగి, లేవకుండా అంది:

"అక్కా, నేను వేసుకున్నా. రెండుసార్లు."

పిచ్చుక ఎందుకని అడగలేదు. అయ్యో అనలేదు. దరువు పెట్టె మూసి చెప్పులేసుకుంది.

"పద. డాక్టరమ్మ ఆరింటి దాకా ఉంటుంది. నేనూ లోపలికి వస్తా. నాన్నా, అరగంటలో వస్తాం!"

"వెళ్లండి, వెళ్లండి," అన్నాడు పరుపులాయన. వాళ్లు వీధి మలుపు తిరిగాక టీచర్‌తో మెల్లగా అన్నాడు: "మూడో పిల్ల అమ్మా ఇది. మొదటి ఇద్దరూ ఇప్పుడు బాగానే ఉన్నారు. మా పిచ్చుకేమో మొన్నటిదాకా మార్కుల కార్డు మీద నా సంతకం కోసం తిరిగిన పిల్ల. ఇంతటిదని నాకే తెలీదు."

టీచర్ వాళ్లు తిరిగొచ్చేదాకా కూర్చుంది. పిచ్చుక వచ్చి నీళ్లు తాగి, ఎదురుగా కూర్చుని, అన్నాళ్లూ గేటు దాకా మోసుకొచ్చిన రెండో మాట అప్పుడు బయటపెట్టింది.

"మాస్టారి పాట ఆగట్లేదు టీచర్. పోయాక ఇంకా పెరిగింది. నిజంగా చేసి పాడాడు, అందుకే పోయాడు అంటున్నారు. అదేదో గొప్పన్నట్టు. చిన్నపిల్లలు కూడా."

"తీసేయలేవా?"

"నా దగ్గర తీసేస్తా. వందమంది దగ్గర కాపీలున్నాయి. పైగా..." ఆగింది. "మొదటి చరణం కూడా పోతుంది టీచర్."

వంటింటి బల్ల, ఎర్ర కలం. టీచర్ కళ్లు దించుకుంది. వాడి గొంతు అంత పొడుగునా ఉన్నది ఆ ఒక్క పాటలోనే.

"వాళ్లు వింటున్న గొంతు మాత్ర ముట్టని గొంతు," అంది పిచ్చుక. "పాడిన రోజున వాడికి దాని రుచే తెలీదు. ఆ ముక్క ఎవరికీ తెలీదు. పాట చివర నాలుగు పాదాలు కలిపి ఆ ముక్క చెప్పేస్తే, అది విన్నవాడు ఇక పాత కాపీ వినడు. నేను పదకొండు సార్లు రాశా టీచర్. నేను రాస్తే తప్పించుకున్నట్టుంటుంది, లేకపోతే వాణ్ణి తిట్టినట్టుంటుంది. మీరు రాయాలి. పాడేది నేను పాడతా."

వినిపించింది కూడా. వాడి రెండు చరణాలూ అయ్యాక మాటల్లేని దరువు, నాలుగు పాదాలకి సరిపడా. ఆ ఖాళీ అయ్యేదాకా ఇద్దరూ కదలకుండా విన్నారు.

ఇంటికెళ్లి భర్తకి చెప్పింది. ఆయన రోజూ పొద్దున్నే డిపోలో, బస్సు తీయకముందు డ్రైవరు సీట్లో కూర్చుని ఆ పాట వింటున్నాడని ఆవిడకి అప్పుడే తెలిసింది. ఎవరు పంపారో చెప్పలేదు.

"వాడి గొంతు మీద చేయి వేస్తారా?"

"లేదు. చివర కలుపుతాం."

ఆయన పళ్లెం ముందుకు తోసి, చేయి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు.

"రాయి. నిజమే రాయి. కానీ వాణ్ణి అబద్ధాలకోరు అనకు. అబద్ధం ఆడలేకే కదా వాడు పోయింది."

ఇది జరిగి అయిదు నెలలు. ఈ అయిదు నెలల్లో టీచర్ ఒక్క శనివారం కూడా మానలేదు. పిల్లల పాటల్లో మాటలు తడబడితే సాయం చేస్తుంది, కలం లేకుండా, నోటితోనే. తరగతిలో ఆ సామెత మొదలుపెట్టడం మానేసింది. మొన్న ఒక పిల్లవాడు తమ డాబా మీద ఏనుగుందని రాస్తే, "లేదని నాకు చెప్పావు కదా, ఇక ఉందనే రాసుకో, బాగా రాయి" అంది. వాడు నాలుగు పేజీలు రాశాడు.

పరుపుల దుకాణానికి గిరాకీ కొంచెం కోలుకుంది. లేపి పేరడిగే దుకాణమని వింతగా చూడటానికి వచ్చినవాళ్లలో కొందరు కొంటున్నారు. పిచ్చుక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లినవాళ్లు ఏడుగురయ్యారు. అందులో ఒకడు రావడం మానేశాడు. వాడి ఇంటికి వారానికి రెండుసార్లు వెళ్తోంది.

ప్రతి శనివారం వెళ్లేముందు ఆ పిల్ల ఒక్కసారి టీచర్ వైపు చూస్తుంది. అడగదు. టీచర్ తల అడ్డంగా ఊపుతుంది. నోటుబుక్కులో మొదటి పాదం ముప్పై రకాలుగా ఉంది, ముప్పయ్యీ కొట్టేసి ఉన్నాయి. నిజం చెప్పినచోట వాడు అబద్ధాలకోరు అవుతున్నాడు, వాణ్ణి కాపాడినచోట పాట మళ్లీ పాతదే అవుతోంది.

నిన్న బస్టాండు దగ్గర పదేళ్ల పిల్లలిద్దరు రెండో చరణం పాడుకుంటూ వెళ్తున్నారు. పాట ఇంకా పాత రూపంలోనే తిరుగుతోంది. చివర కలపాల్సిన నాలుగు పాదాలూ టీచర్ ఇంతవరకు రాయలేదు.